మిల్లు చూడబోయిన పన్నెండు మంది

హైస్కూలు దూరమని మా అమ్మాయి భాను ఏడో తరగతితో బడి మానేసింది. ఆ ఏడే దామోదరం అనే దూరపు చుట్టం ఇంటికొచ్చి, కోయంబత్తూరు వైపు నూలు మిల్లులో పిల్లకు పనుందన్నాడు. తిండి, బస వాళ్లవేనట. నేను ఎగిరి గంతేశాను. పదమూడేళ్ల పిల్లను పంపడానికి ఒప్పుకుంటూ మిల్లు పేరైనా అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా అత్త ఆదిలక్ష్మమ్మ వక్క నములుతూ, "పెండ్లికిచ్చేటప్పుడు ఇల్లు సూడకుండా ఇస్తామా? మిల్లు గూడా సూసే పంపిస్తాం" అంది.

మా వైపు పిల్లనిచ్చే ముందు పదిమంది వెళ్లి మగపిల్లాడి ఇల్లు చూసి వస్తారు. కుండల మూతలు కూడా తీసి చూస్తారు. మిల్లుకు ఆ తంతు ఏమిటని నేను విసుక్కున్నాను. దామోదరం మాత్రం "మీ ఇష్టం పెద్దమ్మా" అని నవ్వాడు. ముసలావిడ ఎక్కడ కదులుతుందిలే అనుకున్నాడేమో.

భానును తీసుకుని రమ్మన్న బుధవారం పొద్దున పూతలపట్టు క్రాసులో మమ్మల్ని చూసి తెల్లబోయాడు. పన్నెండు మందిమి, పులిహోర క్యారియర్లతో సహా.

"ఇంతమందిని లోపలికి రానీరు పెద్దమ్మా."

"పసిబిడ్డను రానిచ్చేవాళ్లు పెద్దోళ్లను యాల రానీరు? మిల్లు పేరు సెప్పప్పా, మేమే దావ అడుక్కుంటా పోతాం."

పేరు చెప్పలేదు. వక్కాకు తెచ్చుకుంటానని రోడ్డు దాటినవాడు చిత్తూరు బస్సెక్కి మాయమయ్యాడు. మావాళ్లు ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను గానీ భాను చెయ్యి వదల్లేదు.

అప్పుడే, బస్టాపు అరుగు మీద బట్టల మూటలతో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతి అడిగింది. "దామోదరం మామ యాడికి పోయినాడు?"

మా నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరూ అక్కచెల్లెళ్లు, మా పక్కూరి వాళ్లే. అత్త వాళ్లకు పులిహోర పెట్టింది. పోలీసు స్టేషన్లో దామోదరం సంగతంతా చెప్పి, పిల్లలను తీసుకుని వాళ్ల ఊరికి వెళ్లాం.

వాళ్లమ్మ నాగరత్నమ్మ వాకిట్లోనే గొల్లుమంది. "ఏం తప్పు సేసినారని ఎనక్కి పంపేసినారు?"

అత్త చెబుతుందని చూశాను. "నువ్వే సెప్పు" అంది నాతో.

"నేనూ మిల్లు పేరు అడగలేదక్కా" అన్నాను. దామోదరం పేరు చెప్పకుండా బస్సెక్కి పారిపోయిన సంగతీ చెప్పాను. నాగరత్నమ్మ పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుంది.

ఆ అక్కచెల్లెళ్లూ దూరమనే బడి మానేశారట. తోడుంటే ఎంత దూరమైనా నడుస్తామన్నారు పిల్లలు ముగ్గురూ. సోమవారం ముగ్గురినీ హైస్కూల్లో చేర్చాం. గంట కొట్టి, గేటు మూసినా తల్లులిద్దరం అక్కడే నిలబడ్డాం. ఇంటి దగ్గర బోలెడు పనుంది, అయినా కదలబుద్ధి కాలేదు.