ఎవరూ తాగని సిగరెట్టు

మా షికారు ఓడ తొమ్మిదో అంతస్తు నడవాలో హెనింగ్ ప్రతి తలుపు దగ్గరా ఆగి, మెడ కాస్త ముందుకు చాచి, ముక్కుతో ఒక్కసారి గాలి లాగి ముందుకు కదులుతున్నాడు. కాఫీ, సబ్బు, తడి తువ్వాళ్ళు, ఎవరి బిడ్డో కక్కిన పాలు. పొగాకు లేదు. పొట్టి మనిషి, కాళ్ళు కాస్త వంకర, చొక్కా మాత్రం ఇస్త్రీ మడత నలగనిది. చెవుల మీద తెల్ల వెంట్రుకలు. ముఖం మధ్యలో ఆ ముక్కు. దేవుడు మిగతా ముఖాన్ని హడావుడిగా ముగించి, ముక్కు దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చున్నాడని మా వంటవాళ్ళు అనేవారు.

పూర్తి పేరు హెర్మోహెనెస్ అగ్బయాని. ఊరు సినాయిత్, ఇలోకోస్ తీరం. ఓడలో చిన్నా పెద్దా అందరికీ మనోంగ్ హెనింగ్, అంటే హెనింగన్న. ఆయన పనల్లా గదుల్లో, బాల్కనీల్లో, మెట్ల మలుపుల్లో దొంగచాటుగా సిగరెట్లు కాల్చేవాళ్ళని పట్టుకోవడం. ఓడ వెనక డెక్కు మీద పొగ తాగడానికి వదిలిన మూల ఒకే ఒకటి ఉంది. అక్కడ బూడిద గిన్నెలు తుడిచేవాణ్ణి నేను. ఆయన తరిమిన వాళ్ళంతా వచ్చి నా నెత్తిన పడేవారు. “మీ ముక్కుగాడికి పెళ్ళాం లేదా, పొద్దున్నే మా ప్రాణాలు తీస్తాడు!” అని తిట్టేవారు.

పెళ్ళాం ఉంది. ఫెలిసిదాద్ అని, వెల్లుల్లి మడి ఒక్కతే చూసుకుంటుంది. రేపు పొద్దున సింగపూరులో దిగితే హెనింగ్ ఇంక ఓడ ఎక్కడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకి లోపల్లోపల ఈలవేసినంత హాయిగా ఉంది. అలాగని ఆఖరి రోజు పని ఎగ్గొట్టే రకం కాదు.

ఎందుకంత పట్టుదలంటే, ఒకప్పుడు పై బాల్కనీ నుంచి ఎవడో విసిరిన పీక గాలికి వెనక్కి కొట్టుకొచ్చి, కింది బాల్కనీలో ఆరేసిన తువ్వాలు మీద పడింది. లోపల పసిపిల్ల నిద్రపోతోంది. ఆ తువ్వాలు నలిపి ఆర్పింది ఈయనే. అరచేతిలో చర్మం ఇప్పటికీ బిగుసుకునే ఉంటుంది. ఆనాటి నుంచి ఎవరినీ వదల్లేదు. లాండ్రీ వెనక సిగరెట్టు తాగుతూ దొరికిన సొంత మేనల్లుణ్ణి ఇంటికి పంపించేశాడు. అక్కగారు ఇంకా మాట్లాడదు. ఎండుచేపలు మాత్రం పంపిస్తుంది.

ఆ పొద్దున నడవా చివర ఒక తలుపు దగ్గర ఆయన ముక్కు ఆగిపోయింది. పొగాకు కాదు, అగ్గిపుల్ల. ఒకటి కాదు, చాలా. తలుపు తట్టాడు.

తీసింది ఒక ముసలావిడ. ఎండిన కాయలా ఉంది. పల్చటి ముడిలో దువ్వెన గుచ్చుకుంది. ఆవిడ వెనక బాల్కనీ తలుపు బార్లా తీసి ఉంది. బయట నేల మీద చిన్న పళ్ళెంలో బంక అన్నం ముద్ద, ఉడకబెట్టిన గుడ్డు, పళ్ళు తోముకునే గ్లాసులో చుక్కెడు జిన్ను. అంచున ఒక సిగరెట్టు. చుట్టూ ఆరిపోయిన అగ్గిపుల్లలు.

“అమ్మా, ఇక్కడ సిగరెట్టు కాల్చకూడదు.”

“నేనెక్కడ కాల్చానయ్యా? నాకు ఉబ్బసం. పొగంటేనే పడదు.”

“మరి అదేంటి?”

“అది మా ఆయనది.”

హెనింగ్ గదంతా చూశాడు. పక్క మంచం మీద ఒక ఆడమనిషి దుస్తులు తప్ప ఎవరూ లేరు. మళ్ళీ పళ్ళెం వంక చూశాడు. అప్పుడు గాని ఆయనకి వెలగలేదు. చనిపోయినవాళ్ళకి తమ ఊళ్ళో ఇలాగే పెడతారు, ఇష్టమైన తిండి, ఇష్టమైన మందు, పొగ తాగేవాడైతే వెలిగించిన సిగరెట్టు. ఆవిడ మాట యాస కూడా అప్పుడే చెవికెక్కింది.

“ఏ ఊరు, అపో?” అన్నాడు గొంతు తగ్గించి. ఆ వైపు పెద్దవాళ్ళని అపో అంటారు.

“బాదోక్. నీది?”

“సినాయిత్.”

“పక్కూరివాడివై ఉండి, తెలియనట్టు అడుగుతావేంట్రా!” ఆవిడకి ధైర్యం వచ్చింది. “బోర్డు మీద ఏం రాశారు? పొగ తాగరాదని. నేను తాగలేదు. తాగేవాడు సముద్రంలో ఉన్నాడు. పట్టుకుంటావా, పట్టుకో. నేనూ ఆయన్ని చూసి చాలా ఏళ్ళయింది.”

ఆవిడ పేరు లియోన్సియా. మొగుడు సిప్రియానో సరుకు ఓడల్లో ఇంజన్లకి నూనె పట్టేవాడు. ఈ జలసంధిలోనే జ్వరమొచ్చి పోతే, గుడ్డలో చుట్టి ఇక్కడే సముద్రంలోకి దించేశారు. పెనాంగుకి దక్షిణంగా, ఎడంచేతి వైపు తొమ్మిది దీవులు కనిపించే చోట అని తోటివాడొకడు వచ్చి చెప్పాడు. కూతురు సరదాగా తిరిగొద్దామని టిక్కెట్లు కొంటే, ఈవిడ ఆ దీవుల కోసం ఎక్కింది. తెల్లవారి లేచేసరికి ఎడంచేతి వైపు దీవులు కనిపించాయి. అంతే, కూతురు టిఫినుకి వెళ్ళగానే పళ్ళెం సర్దేసింది.

“అపో, ఇవి కావు,” అన్నాడు హెనింగ్. “మనమింకా పెనాంగే చేరలేదు. ఆ దీవులు సాయంత్రం వస్తాయి.”

ఆవిడ ముఖం వాడిపోయింది. “అయితే ఈ అన్నం ఎవరు తింటున్నారు?”

“ఇక్కడా ఎవరో ఒకరు ఉంటార్లే. ఆకలి మీద ఉండి ఉంటారు.”

ఆవిడ ఫక్కున నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు. బాల్కనీలో నిప్పు కనబడితే ఆ మనిషిని తర్వాతి రేవులో దించెయ్యాలి. తర్వాతి రేవు పెనాంగు, ఇంకో గంటలో వస్తుంది. దీవులేమో ఆ తర్వాత.

“నేను పైవాళ్ళకి చెప్పాలి, అపో.”

“చెప్పు. నీ ఉద్యోగం నువ్వు చెయ్యి.” ఆవిడ మంచం మీద కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది. “కానీ ఒక్కటి. నన్ను పెనాంగులో దించేస్తే నేనింక ఈ సముద్రం మీదికి రాలేను. నా ఒంట్లో అంత ఊపిరి లేదు.”

హెనింగ్ అగ్గిపెట్టె తీసుకుని, కాలిన పుల్లలన్నీ ఏరి రుమాల్లో మూటగట్టి, సెక్యూరిటీ ఆఫీసరు ధనరాజ్ గురుంగ్ దగ్గరికి వెళ్ళాడు. దాచలేదు. దాచడం ఆయనకి చేతకాదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ పొగ లేకుండా నిప్పు దొరికింది. అంతా చెప్పాడు.

“సిగరెట్టు అంటుకోలేదన్నమాట,” అన్నాడు గురుంగ్ టీ తాగుతూ.

“లేదు సార్. పుల్లలు మాత్రం గీసింది.”

“నిప్పు నిప్పే కదా?”

“నిప్పే సార్.”

“అయితే దించెయ్యాల్సిందేగా.”

“ఈసారికి వదిలెయ్యండి సార్.”

గురుంగ్ టీ కప్పు కింద పెట్టాడు. ఆ మాట హెనింగ్ నోటి నుంచి ఆయన ఎన్నడూ వినలేదు. “మేనల్లుడప్పుడు కూడా నువ్వు ఈ మాట అనలేదు.”

“వాడు దొంగచాటుగా తాగాడు సార్. ఈవిడ తాగలేదు, ఇంకొకరికి పెట్టింది. సాయంత్రం దాకా ఉండనిస్తే వెనక మూలకి నేనే తీసుకెళ్తాను. అక్కడ తాగొచ్చు కదా.”

గురుంగ్ రుమాల్లో పుల్లల్ని వేలితో అటూ ఇటూ కదిపాడు. “మా నాన్నకి మేమూ ఏటా సారా పోస్తాం,” అన్నాడు చివరికి. “బాధ్యత నీది. ఆ బాల్కనీలో మళ్ళీ నిప్పు కనబడిందా, ఆఖరి రోజని చూడను.”

ఓడ పెనాంగు చేరింది, జనం దిగారు, ఎక్కారు, మధ్యాహ్నానికి మళ్ళీ కదిలింది. హెనింగ్ ఆ రోజు తొమ్మిదో అంతస్తు దాటి ఎక్కడికీ పోలేదని పని పిల్లలు చెప్పుకున్నారు.

పొద్దు వాలుతుండగా నా మూలకి వచ్చాడు. ఒక చెయ్యి పట్టుకుని ముసలావిడ, ఇంకో చేతిలో పళ్ళెం. ఆయన కనబడగానే, ఓడ జూదశాల నుంచి పొగ కోసం వచ్చిన జూదగాళ్ళందరూ అలవాటు కొద్దీ సిగరెట్లు వీపు వెనక దాచేశారు. ఖూ అనే పెనాంగు ముసలాయన పంట్లాం కాల్చుకుని లబోదిబోమన్నాడు. ఈ ఖూ ఒకసారి హెనింగ్ చేతికి చిక్కి పుకెట్‌లో దిగిపోయి, మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని ఇదే ఓడ ఎక్కిన మొండిఘటం.

“ఇక్కడికీ వచ్చావా! ఇంక మేం సముద్రంలో దూకి తాగాలా ఏంటి?”

“తాగండి, తాగండి. మీ కోసం కాదు,” అన్నాడు హెనింగ్. ఆ మూలలో ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

లియోన్సియా డెక్కు అంచు కమ్మీ పక్కన బల్ల మీద పళ్ళెం పెట్టింది. కొత్త అన్నం, కొత్త గుడ్డు. పెట్టెలోంచి సిగరెట్టు తీసింది. ఖూ లైటరు వెలిగించి దాని కొసకి ఆనించాడు. మాడింది గాని అంటుకోలేదు.

“పీల్చకపోతే ఎలా అంటుకుంటుందమ్మా?” అన్నాడు ఖూ. “ఇటివ్వు, నేను లాగుతా.”

ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. “జూదగాడు నోట పెట్టుకున్నది ఆయన తాగడు. ఓడ మనిషే అంటించాలి.” హెనింగ్ వైపు తిరిగింది. “నువ్వే కదా పట్టుకున్నావు. నువ్వే అంటించు.”

అందరం ఆయన ముఖం వంక చూశాం. జన్మలో సిగరెట్టు ముట్టని మనిషి. ఒక్క క్షణం తటపటాయించి, పెదాల మధ్య పెట్టుకున్నాడు. ఖూ రెండు చేతులూ అడ్డం పెట్టి లైటరు అందించాడు. హెనింగ్ గట్టిగా లాగాడు. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి, ఆ గొప్ప ముక్కు మిరపపండైపోయింది. జూదగాళ్ళు పడీపడీ నవ్వారు. “ఇన్నాళ్ళకి పగ తీరిందిరా!” అని ఖూ తొడ చరిచాడు. ముసలావిడ కూడా నవ్వింది.

సిగరెట్టు మాత్రం అంటుకుంది. దాన్ని పళ్ళెం అంచున పెట్టాడు. ఎడంచేతి వైపు దీవులు ఒకదాని వెనక ఒకటి నల్లగా కదిలాయి.

“సిప్రియానో, రా, తిను,” అంది ఆవిడ. “ఆలస్యమైందని కోపం పెట్టుకోకు. పిల్లలు బాగున్నారు. నాకే మోకాళ్ళు నొప్పులు.”

నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ చెప్పకుండానే ఖూ తన సిగరెట్టు ఆర్పేశాడు. అంత గాలిలోనూ ఆ పళ్ళెం మీది సిగరెట్టు చివరి దాకా ఆరకుండా కాలింది.

“మొత్తం తాగేశాడు,” అంది ఆవిడ తృప్తిగా. “ఎప్పుడూ అంతే, వేళ్ళు కాలేదాకా వదలడు.” పెట్టె మూసి హెనింగ్ చొక్కా జేబులో పెట్టింది. “నేనింక రాలేను. ఇక ముందు ఆయనకెవరిస్తారో.”

హెనింగ్ గుడ్డు ఒలిచి, సగం ఆవిడకిచ్చి సగం తను తిన్నాడు. అంత రుచైన గుడ్డు ఎప్పుడూ తినలేదని తర్వాత నాతో అన్నాడు.

మర్నాడు పొద్దున సింగపూరులో దిగిపోయాడు. వీడ్కోళ్ళూ కన్నీళ్ళూ ఏం లేవు, వంటవాళ్ళు ఒక కేకు కోశారు, గురుంగ్ చెయ్యి కలిపాడు. పనివాళ్ళ మెట్ల మీద సంచీ భుజాన వేసుకుని దిగుతుంటే, వెనక్కి చూస్తాడేమోనని నిలబడ్డాను. చూడలేదు. ఫెలిసిదాద్ దగ్గరికి పోతున్నవాడు వెనక్కెందుకు చూస్తాడు?

సింగపూరులో సుంకం కట్టకుండా సిగరెట్లు పట్టుకుని దిగనివ్వరు. ఆ రూలు ఆయన తప్పడని నాకు తెలుసు. అయినా ఆ పెట్టె సంగతి నాకు తట్టనే లేదు. గిన్నెలు తుడవడానికి నా మూలకి వెళ్ళాను. ఓడ వారం వారం ఆ దీవుల పక్క నుంచే పోతుంది. కమ్మీ పక్కన బల్ల మీద, గాలికి ఎగిరిపోకుండా కడిగిన బూడిద గిన్నె ఒకటి బరువుగా పెట్టి ఉంది. దాని కింద ఆ సిగరెట్టు పెట్టె, మూత తెరిచి, సులువుగా చేతికందేలా ఒకటి సగం బయటికి లాగి.