ఈశాన్యానికి ఎనిమిది అడుగులు

హీరో నెత్తిన గులాబీ రేకులు పడాలి. అనఘకు అప్పజెప్పిన పని అంతే.

ఫిల్మ్‌నగర్‌లో అద్వైత్ కొత్త సినిమా ముహూర్తం. క్లాప్ కొట్టగానే డ్రోన్ వచ్చి బుట్టెడు రేకులు కుమ్మరించాలి. "పూలు హీరో మీద పడ్డయా, రేపటి నుంచి డ్రోన్ నీదే. పక్కకు పడ్డయా, మళ్ల బ్యాటరీలు మోసుడే" అని ఓనరు రాఘవేంద్ర తేల్చేశాడు. షేక్‌పేట పిల్ల అనఘకు ఆ బ్యాటరీలంటేనే ఏడుపొస్తోంది.

ఒట్టి ఉపగ్రహాలనే నమ్ముకుంటే డ్రోన్ రెండు మూడు గజాలు అటూ ఇటూ పోతుంది. అందుకని అనఘ నేల మీద మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, దానిపైన డ్రోన్‌లో ఉన్నలాంటిదే ఇంకో రిసీవర్ బిగించింది. దాన్ని బేస్ అంటారు. అది నిలబడ్డ చోటేదో కొలిచి దానికి ముందే చెప్పి ఉంచింది. ఉపగ్రహాల మాటలో తప్పెంతో ఆ బేస్ లెక్కగట్టి డ్రోన్‌కు దిద్దుబాటు పంపుతూ ఉంటుంది. ఒక్కటే షరతు, బేస్ కదలకూడదు.

కదలకుండా ఉండనిస్తేగా! ట్రయల్ వేస్తే రేకులు హీరో నిలబడే గుర్తుకు ఎనిమిది అడుగులు ఈశాన్యంగా పడ్డాయి. అనఘ పరుగెత్తి చూస్తే బేస్ కూడా ఈశాన్యానికి అంతే జరిగి ఉంది. దాని కాళ్లకు పసుపు, కింద నిమ్మకాయ.

"ఎవరు జరిపిండ్రు దీన్ని?"

"నేనే తల్లీ" అన్నారు వెంకటరామయ్య సిద్ధాంతిగారు. ఈ ముహూర్తం పెట్టింది ఆయనే; ఆయన్ని అడగందే సినిమా నిర్మాత తుమ్మడు కూడా. "ఆకాశంతో మాట్లాడే వస్తువు ఈశాన్యంలో ఉండాలి కదా!"

"అయ్యో అయ్యగారూ, గా బేస్ ఇంకా పాత జాగల్నే ఉన్ననుకుంటది. అదెంత జరిగితే పూలు గంత జరుగుతయి!"

"జరగనీ తల్లీ, శుభమే."

వెనక్కి పెట్టనివ్వరు. కొత్త చోటు కొలిచి చెప్పే వ్యవధి లేదు, ముహూర్తం ముంచుకొస్తోంది. అనఘ తల గోక్కుంది. పూలు జరిగితే హీరోనే జరిపితే పోలా!

"అయ్యగారూ, గట్లయితే హీరో సారు గూడ జర ఈశాన్యానికి జరిగితే మంచిది గద?"

"ఎంత మాటన్నావు తల్లీ!" సిద్ధాంతిగారు మురిసిపోయారు. దర్శకుడు చెప్పినా కదలని అద్వైత్, ఆయన చెప్పగానే చెప్పులు విడిచి మరీ ఎనిమిది అడుగులు జరిగాడు. అనఘ అమ్మయ్య అనుకుని డ్రోన్ లేపింది.

సిద్ధాంతిగారి బుర్ర ఊరుకుంటుందా? అటు హీరో, ఇటు బేస్, ఇద్దరూ ఈశాన్యానికే! ఈశాన్యంలో బరువు పెరిగిపోదూ? అనఘ పైకి చూస్తూ ఉండగా ఆయన చప్పుడు చేయకుండా స్టాండును పాత గుర్తుల్లోకే పెట్టించారు. ఆ తర్వాత, హీరో ఖాళీ చేసిన చోట కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు.

క్లాప్ పడింది. బుట్టెడు రేకులూ సిద్ధాంతిగారి బట్టతల మీద పడ్డాయి. హీరో మీద ఒక్కటీ లేదు. రాఘవేంద్ర కొరకొరా చూశాడు. అనఘకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లలో బ్యాటరీలే కనిపించాయి.

సిద్ధాంతిగారు మాత్రం కళ్లు మూసుకుని పరవశించిపోయారు. "ఎన్ని ముహూర్తాలు పెట్టానండీ! పైవాడు నా మీద పూలు చల్లడం ఇదే మొదలు. ఇక నా ముహూర్తాలన్నింటికీ ఈ అమ్మాయే డ్రోన్ ఎగరేయాలి!"

నిర్మాత తల ఊపాడు. ఆయన ఊపాక రాఘవేంద్ర ఊపక చస్తాడా?

తర్వాతి ముహూర్తం జూబ్లీహిల్స్‌లో. ఈసారి అనఘ బేస్‌కు తనే పసుపు రాసి, బొట్టు పెట్టి, సిద్ధాంతిగారికి ఎదురెళ్లి దండం పెట్టింది.

"అయ్యగారూ, జర పైలం. గీడ ఇది స్వయంభువు. కదపొద్దు."

సిద్ధాంతిగారు గబగబా చెప్పులు విడిచారు. బేస్ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, వేలైనా తగిలించకుండా వెళ్లిపోయారు.