రెండూ నలభై బస్సులో వచ్చే నొప్పి

2024 మార్చి 12, మంగళవారం. సిద్దిపేటలో ఎండ అప్పుడే ముదిరింది. ఆకు కదలడం లేదు. ముప్పై ఏడు డిగ్రీలని పేపర్లో వేశారు గానీ, పేపరు వాళ్లు నీడలో కొలుస్తారు. దామోదర్ మోటార్ వైండింగ్ షాపు రేకుల కింద ఇంకో మూడు కలుపుకోవచ్చు.

రెండున్నర కాగానే దామోదర్ రాగి తీగ చుట్టడం ఆపి, షట్టరు సగం దించాడు. ఏటా శివరాత్రి వెళ్లాక రెండు నెలలు ఇదే వరస. రెండూ నలభైకి హుస్నాబాద్ బస్సు వస్తుంది, అందులోంచి అతని తలనొప్పి దిగుతుంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చంకలో బరమా, వడ్రంగులు చెక్కకు తూటు పెట్టేది. కండక్టరు దానికి టికెట్టు కొట్టడు, పక్క సీట్లో ఎవరినీ కూర్చోబెట్టడు. మిగతా బస్సులు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి, ఇది మాత్రం నిమిషం తప్పదు.

"దామోదరన్నా, మీ సుట్టం దిగింది!" అని చాయ్ బండి అంజన్న కేకేశాడు.

"ఓ చాయ్ పొయ్యరాదురా, గాడనే ఆగుతదేమో."

"నీ పేరు జెప్పుకొని వచ్చినది నా చాయ్ ఎందుకు తాగుతదన్నా!"

నవ్వు అక్కడితో అయిపోయింది. బరమా ఎడమ కంటి వెనక దిగింది. కన్ను ఎర్రబడి ధారగా కారింది, ముక్కు కూడా ఆ వైపే కారింది. కూర్చోలేడు, పడుకోలేడు. గోడ నుంచి గోడకు తిరిగాడు. గంట తర్వాత నొప్పి బరమా తుడుచుకుని బస్టాండుకు వెళ్లిపోయింది.

అది అతను సంపాదించుకున్నది కాదు. తండ్రి పోశయ్య పోయాక పెద్దమనుషులు చీటీలు వేశారు. రోడ్డు పక్క మూడెకరాలు ఒక చీటీ. ఇల్లూ, పోశయ్య తలనొప్పీ కలిపి ఇంకో చీటీ. ఉన్నది ఉన్నట్టు ఎవరికో ఒకరికి చెందాలి కదా. పొలం తమ్ముడు శ్రీకాంత్‌కు వచ్చింది. అక్క బాలవ్వకు చీర పెట్టి, తనకేమీ వద్దని కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఆడపిల్లకు అదే ఆనవాయితీ.

పట్నంలో డాక్టరు దాన్ని క్లస్టర్ తలనొప్పి అంటాడు. "తల వెనక ఇచ్చిన సూది మూడు వారాలే పనిచేసింది. ఇప్పుడు చెంప పక్క నుంచి సన్న సూది పంపి, ముక్కు వెనకున్న నరాల ముడికి వేడి పెడతాం. కోత లేదు, కుట్టు లేదు. సాయంత్రానికి ఇంటికి పోవచ్చు."

"కాయిల్ కాల్చినట్టా సార్?"

"అంత వేడి కాదులే. తలుపు మూస్తామనుకో. ఎన్ని నెలలు మూసుకుని ఉంటుందో చెప్పలేను. బయట నిలబడ్డదానికి మాత్రం నా దగ్గర మందు లేదు."

ఆస్పత్రి వరండాలోకి రాగానే భార్య ప్రమీల అతని చెయ్యి పట్టుకుంది. "తలుపు మూసుకుంటే అది ఎటు పోతది? ఇంట్ల పిల్ల ఉన్నది."

"నిన్న సుత్తె ఎత్తి నుదుటి దాకా తెచ్చిన, ప్రమీలా."

ఆమె చెయ్యి వదిలి, డబ్బు కట్టే కిటికీ వైపు నడిచింది.

సూది పడింది. మర్నాడు నొప్పి నేరుగా ఇంటికొచ్చి అతని ఎడమ కంటిమీద బరమా ఆనించింది. బరమా తిరగలేదు. మళ్లీ ఆనించింది. చివరికి గడప మీద కూర్చుంది. సాయంత్రమైనా బస్సెక్కలేదు. మూడో రోజు మధ్యాహ్నం లేచి, ఇంటర్ పరీక్షకు చదువుకుంటున్న కూతురు స్నిగ్ధ కుర్చీ వెనక నిలబడింది.

"బాపూ, ఎడమ కన్ను మండుతాంది."

పుస్తకం మీద కన్నీటి చుక్క పడింది. దామోదర్ తన తలుపు మళ్లీ తెరవమని డాక్టరుకు ఫోన్ చేయబోయాడు.

అప్పుడే, ప్రమీల పంపిన కబురు అందుకుని, అత్తగారి ఊరు ఇబ్రహీంపూర్ నుంచి బాలవ్వ వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా, ప్లాస్టిక్ కవరులోంచి ఆనాడు సంతకం పెట్టిన కాగితం తీసి నొప్పి ముందు పట్టింది.

"గిటు సూడు. గీండ్ల ఇల్లు రాసిన్రు, పొలం రాసిన్రు, బాయి రాసిన్రు. నిన్ను రాయలే. రాయనిదాన్ని నేను వదులుకోలే. నా పాలు నాకు గావాలె."

"వద్దక్కా! అదెట్లుంటదో నీకు తెల్వదు."

"ఎందుకు తెల్వదు తమ్మీ? పదేండ్లు బాపు తల నా ఒడిల పెట్టుకున్న. అప్పుడు చీర పెట్టి పంపితిరి. గిదన్న ఇయ్యవా?"

నొప్పి కాగితాన్ని పై నుంచి కింది దాకా చదివింది. వెనక్కి తిప్పి చూసింది. తప్పు దొరకలేదు. బరమా చంకలో పెట్టుకుని ఆమె వెంట నడిచింది. స్నిగ్ధ కన్ను తుడుచుకుని పేజీ తిప్పింది.

ఇప్పుడు రెండూ నలభైకి దిగిన నొప్పి ఇబ్రహీంపూర్ ఆటో నిండేదాకా కూర్చోవాలి. కొన్ని రోజులు ఆటో నిండదు, అది వెనక్కి పోతుంది. నిండిన రోజు బాలవ్వ కేక మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. దామోదర్ ఆమెనూ పట్నం తీసుకుపోతానన్నాడు. "తలుపు మూస్తే మల్ల గడప గడప తిరుగుతది. నాకు పిల్లల్లేరు, నాతోనే పోనీ" అంది.

పోశయ్య ఆస్తి అట్లా చేరింది: పొలం శ్రీకాంత్‌కు, ఇల్లు దామోదర్‌కు, నొప్పి బాలవ్వకు. స్నిగ్ధకు ఏమీ రాలేదు.