ఆపుకోవద్దు

మా షాపులో మలబద్ధకానికి పద్నాలుగు రకాల మందులు దొరుకుతాయి. త్రిఫల చూర్ణం, సునాముఖి ఆకు, ఇసబ్‌గోల్ పొట్టు, గానుగ ఆముదం, రేలకాయ గుజ్జు, నానబెట్టుకుని తినే నల్ల కిస్మిస్, ఇంకా ఏవేవో. ఆడమనిషి వెళ్లడానికి ఒక్క బాత్రూము మాత్రం లేదు.

నా పేరు సుకన్య. రోజూ మడికొండ నుంచి బస్సులో వస్తాను. వరంగల్ చౌరస్తా దాటాక ఒక సందులో ఉన్న సారంగపాణి మూలికా భండార్‌లో ఎనిమిదేళ్లుగా కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. నిలబడటమంటే నిలబడటమే. షాపులో ఒక్కటే స్టూలు, అది సేటుది. కింద షాపు, పైన సారంగపాణి సేటు ఇల్లు. పైన రెండు బాత్రూములున్నాయి. నాకెలా తెలుసంటే, పోయిన దసరాకు ఇల్లు దులిపినప్పుడు ఆ రెండింటినీ కడిగింది నేనే. కడగడానికి పనికొస్తాను, వాడుకోవడానికి పనికిరాను. సేటు భార్య కళావతమ్మకు మడి ఎక్కువ. కింద పనిచేసేవాళ్లు మామూలు రోజుల్లో మెట్లెక్కితే ఆమె ఇల్లు మైలపడుతుంది. దసరా పనికి మాత్రం పడదు.

మగవాళ్లకు ఏ బాధా లేదు, ఊళ్లో గోడలన్నీ వాళ్లవే. నాకూ, వెనక గదిలో కరక్కాయలు దంచే యాకమ్మకూ బస్టాండు బాత్రూమే గతి. పోయి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. తిరిగి వచ్చేసరికి సేటు నన్ను చూడడు, గోడ గడియారం చూస్తాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంటుంది. నేను పనిలో చేరిన వారంలోనే యాకమ్మ నన్ను పక్కకు పిలిచి ఉపాయం చెప్పింది.

"పొద్దుగాల్ల నీళ్లు తాగకు బిడ్డా. దూపైతె నోట్లె లవంగం ఏసుకో. తాగకుంటె రానే రాదు."

ఎనిమిదేళ్లు అలాగే చేశాను. ఇంటి దగ్గరైనా తీరిక ఉందా అంటే, మూడు కాపురాలకు ఒకటే దొడ్డి. బయట చెంబులు పట్టుకుని జనం, అవతల ఎనిమిది గంటల బస్సు. షాపులో వచ్చినప్పుడల్లా బిగబట్టుకున్నాను. బిగబట్టగా బిగబట్టగా చివరికి అది రావడమే మానేసింది. వారానికి రెండుసార్లు, అదీ ప్రాణం పోయినంత పనయ్యేది. నెల రోజుల నుంచి రక్తం కూడా పడుతోంది.

భయమేసి దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ చూసి, చేతులు కడుక్కుంటూ అడిగింది.

"పొద్దంత ఎన్ని నీళ్లు తాగుతవ్?"

"ఒక గిలాస."

"ఇంకో నెల గిట్లనే ఉంటె ఆపరేషన్ జెయ్యాలె. నీళ్లు మంచిగ తాగు. వచ్చినప్పుడు ఎంటనె పో, ఆపుకోవద్దు. ఈ రెండు చెయ్యకుంటె నేను ఎన్ని మందులిచ్చినా దండుగే."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట వచ్చిన నవ్వు. ఆ మాటలు నేను రోజుకు నలభైమందికి చెబుతాను. సేటు నేర్పిన పాఠం అది. రాత్రి పడుకునేముందు చెంచాడు చూర్ణం, మీద రెండు గ్లాసుల గోరువెచ్చటి నీళ్లు, పండ్లూ ఆకుకూరలూ బాగా తినాలి, వచ్చినప్పుడు ఆపుకోవద్దు. నోరు పిడచగట్టుకుపోయి, లవంగం బుగ్గన పెట్టుకుని ఈ పాఠం చెప్పేదాన్ని. సిగ్గు లేదా అని ఎవరూ అడగలేదు, నన్నూ సేటునూ కూడా.

మర్నాడు షాపు తెరవగానే సేటును అడిగాను. ఆపరేషనంటే నెల రోజులు మంచం మీద. నెల రోజులు రాకపోతే నా జాగాలో ఇంకొకరు నిలబడతారు, ఇంటర్ చదివే నా బిడ్డ హారిక చదువు అక్కడే ఆగిపోతుంది. అందుకే అడిగాను. లేకపోతే చచ్చినా అడిగేదాన్ని కాదు.

"సేటూ, సక్కగ కాక రక్తం వడుతాంది. డాక్టరమ్మ నీళ్లు తాగుమన్నది. రోజుకు రెండుసార్లు పైన బాత్రూముకు పోనియ్యుండ్రి."

ఆయన సగమే విన్నాడు. "దవాఖానకు వోయినవా? ఇంత దుకాణం ముంగట వెట్టుకొని దవాఖానకు వోయినవా? ఊకెనే అన్నరా, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని!"

నిజంగానే నొచ్చుకున్నాడు. వాళ్ల నాయన కేసముద్రం మార్కెట్లో చెట్టు మందులు ఇచ్చేవాడట. ఆయన హస్తవాసికి రైతులు వడ్ల బండ్లు ఆపుకుని మరీ వచ్చేవాళ్లట. ఆ హస్తవాసి తనకు వచ్చిందని సేటు నమ్మకం. దేవుడి పటానికి హారతి ఇచ్చిన చేత్తో, బోణీ కాకముందు ఇచ్చిన మందు తప్పకుండా పనిచేస్తుందని ఇంకో నమ్మకం.

"మరి బాత్రూము సంగతి?" అన్నాను.

"మందు వడితె అన్ని సక్కగైతయి. నువ్వు ఫికర్ చెయ్యకు."

సునాముఖి, త్రిఫల, సైంధవ లవణం తనే స్వయంగా కలిపాడు. చెంచాడు కాదు, రెండు చెంచాలు. అగరుబత్తి పొగలో నా అరచేతిలో పోసి, వేడి నీళ్లు రెండు గ్లాసులు ముందు పెట్టాడు.

"ఏసుకో. నా ముంగట్నె ఏసుకో."

అది పడుకునేముందు వేసుకోవాల్సిన మందని నాకు తెలుసు. పొద్దున పదింటికి వేసుకుంటే ఏ వేళకు పని మొదలుపెడుతుందో కూడా తెలుసు. అయినా వేసుకున్నాను. సేటు దయతో ఇచ్చింది వద్దంటే పొగరంటారు. నా మీద నాకు ఇప్పటికీ కోపం, ఆ చెయ్యి ఎందుకు చాపానా అని.

సాయంత్రం ఆరింటికి షాపు నిండా జనం. డోర్నకల్ నుంచి వచ్చిన వెంకట్రాజం అనే పెద్దాయన, రైల్వేలో రిటైరయిన మనిషి, మలబద్ధకానికి మంచి మందు కావాలని అడిగాడు. సేటు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఎవలనో ఎందుకు, మా సుకన్యను అడుగుండ్రి. వారం పది దినాలకు గూడ సక్కగ కాకపోయేది. రక్తం గూడ వడుతుండె పాపం. పొద్దుగాల నా చేతితోని మందు ఏసిన. చెప్పు సుకన్యా, ఎట్ల వాడాలెనో సారుకు చెప్పు."

పదిమంది మగవాళ్లు నా వైపు తిరిగి చూశారు. ఒకతను నా మొహం చూసి, ఆపైన ఎక్కడ చూడాలో అక్కడ చూశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కన్న బిడ్డకు కూడా చెప్పుకోని సంగతిని ఈయన అంగట్లో పెట్టి అమ్ముతున్నాడు.

సరిగ్గా అప్పుడే పేగు మెలితిరిగింది. మోకాళ్లు దగ్గరికి చేర్చి, కౌంటర్ అంచు గట్టిగా పట్టుకున్నాను. నడుము మీద చెమట పట్టింది. ఎనిమిదేళ్ల అలవాటు కదా, నోరు దానంతట అదే పాఠం మొదలుపెట్టింది. చెంచాడు చూర్ణం సారూ. రెండు గిలాసల నీళ్లు. వచ్చినప్పుడు ఆపుకోవద్దు.

"ఆపుకుంటె ఏమైతదమ్మా?" అన్నాడు వెంకట్రాజం. పాపం ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. "డ్యూటీల ఉన్నప్పుడు మేము గంటలకు గంటలు ఆపుకునేటోళ్లం."

"నా లెక్క అయితది సారూ," అని సేటు వైపు తిరిగాను. "సేటూ, నాకిప్పుడు వస్తాంది. ఏడికి పోవాలె?"

వెనక గదిలో యాకమ్మ రోకలి చప్పుడు ఆగింది.

"జర మెల్లగ మాట్లాడు," సేటు పళ్ల మధ్య నుంచి అన్నాడు. "గిరాకులున్నరు."

"నా రక్తం సంగతి గిరాకులకు చెప్పింది మీరే గద. ఇది గూడ ఇననియ్యుండ్రి. నేనేడికి పోవాలె?"

"బస్టాండుకు వోయి రా. నేనేమన్న వద్దన్ననా?"

"బస్టాండు దాక ఆగేటట్టు లేదు. రెండు చెంచాలు ఏసిండ్రు మీరు. ఆపుకోవద్దని మీరే చెప్పిస్తిరి. పైన రెండు బాత్రూములున్నయి."

"పైన కళావతి దీపం పెట్టే ఏళ..."

మిగతాది నేను వినలేదు. కౌంటర్ పలక ఎత్తి బయటికి వచ్చి, సేటు పక్క నుంచే మెట్లెక్కాను. ఒక్కో మెట్టుకూ పళ్లు బిగబట్టాను. పైన గుమ్మంలో కళావతమ్మ ఒత్తులు చేసుకుంటూ కూర్చుంది.

"ఏయ్, ఏమొచ్చింది? ఇటెందుకెక్కినవ్?"

"బాత్రూముకమ్మా."

"అయ్యో రామా! దీపాల ఏళ! ఆగు, ఆయననడగనియ్యి..."

నేను ఆగలేదు. నేను కడిగిన బాత్రూమే కాబట్టి దారి వెతుక్కోవాల్సిన పని లేదు. లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

తెల్లటి టైల్స్, సబ్బు వాసన, పెద్ద బకెట్ నిండా నీళ్లు. కూర్చున్నాను. గట్టిగా ఒక్క ఊపిరి తీసుకున్నానో లేదో, తలుపు దబదబా మోగింది.

"బకెట్ ముట్టకు! కింద మగ్గున్నది, దాంతోనే వోసుకో!"

కడుపులో కత్తి తిప్పినట్టయింది. వస్తుందనుకున్నాను.

"ఇంతసేపేంది? ఫినాయిల్ ఏసి కడిగే రావాలె, ఇంటానవా?"

తలుపు మీద దెబ్బ పడినప్పుడల్లా నా లోపల ఏదో టక్కున మూసుకుపోయేది. నొప్పి నడుము నుంచి గుండెల దాకా పాకింది, కళ్లు బైర్లు కమ్మాయి. రాలేదు. ముక్కాను, వేడుకున్నాను, నా కడుపును నేనే తిట్టుకున్నాను. రాలేదు. ఎనిమిదేళ్లు నా ఒంటికి నేను ఒకే బుద్ధి నేర్పాను. ఎవరైనా చూస్తుంటే రావద్దని, ఎవరైనా అరిస్తే రావద్దని. అది చక్కగా నేర్చుకుంది. ఇప్పుడు రమ్మని నేను బతిమాలుతుంటే నా మాట వినడం లేదు, కళావతమ్మ మాట వింటోంది. నా ఒళ్లు కూడా నాది కాకుండా పోయింది. ఆ సంగతి తెలిసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

లేచి మొహం కడుక్కున్నాను. వాడకపోయినా ఆ చోటంతా నీళ్లు గుమ్మరించాను. గడియ తీశాను.

కళావతమ్మ ఫినాయిల్ సీసా పట్టుకున్న చెయ్యి చాపి దూరంగా నిలబడి ఉంది. సేటు సగం మెట్ల మీద ఆగి పైకి చూస్తున్నాడు.

"అయ్యిందా?" అంది కళావతమ్మ.

"కాలేదు."

"కాలేదా? మరి ఇంతసేపు లోపల ఏం జేసినవే?"

సీసా ఆమె చేతిలోంచి తీసుకుని కింద పెట్టాను.

"నువ్వు తలుపు గుద్దుతాంటె ఎట్లయితది? కాలేదు. రేపు మల్ల వస్త. ఎల్లుండి వస్త. అయ్యేదాక రోజు వస్త. నేను లోపలున్నప్పుడు తలుపు ముట్టకు."