స్టాండు మీద మిగిలిన గాజు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వీధరుగు మీద మామ్మ పైడమ్మ, వాకిట్లో బండి తుడుస్తున్న పెదనాన్న అప్పలస్వామి, లోపలి గదిలో వరహాలమ్మ, ఆమె కూతురు నూకరత్నం. నన్ను కూడా కలుపుకుంటే ఐదు. ఎవరూ కలుపుకోరు. నేను ఒక గాజుల స్టాండును.

నాది అంకుడు కర్ర. నర్సీపట్నం దారిలో ఒక ఊళ్ళో నన్ను లేతు మీద తిప్పుతూ చెక్కి, వేడి మీదే లక్క రంగు పట్టించారు. కింద పళ్ళెమంత పీట, దాని మధ్యలో నిలువుగా ఒకే ఒక్క కర్ర. గాజుల్ని పైనుంచి ఎక్కించాలి, పైనుంచే తియ్యాలి. అడుగుది కావాలంటే పైవన్నీ దిగాల్సిందే. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే.

తీర్థంలో, అంటే ఊరి జాతరలో, నన్ను కొన్నది గోవిందు, నూకరత్నం తండ్రి. అప్పటికి ఆమె ఇంకా పుట్టలేదు. నేను ఇంట్లోకి వచ్చిన రోజే పైడమ్మ కోడలికి ఒక నియమం చెప్పింది. "ఎన్ని తీసినా అడుగునొకటి ఉంచాల. స్టాండు బోసిగుంటే ఇల్లు బోసిపోతాది." పద్దెనిమిదేళ్ళు నా అడుగున ఏదో ఒక గాజు ఉంటూనే వచ్చింది.

మొన్న వేసవిలో గోవిందు పోయాడు. పదో రోజున నా మీద ఉన్నవన్నీ, అడుగుదానితో సహా, వరహాలమ్మ చేతులకు తొడిగి, తర్వాత పగలగొట్టారు. పగలగొట్టేవాటిని తొడగడం ఎందుకో నాకు తెలియలేదు. మనుషులకు తెలిసే ఉంటుంది. వరహాలమ్మ ఏడవలేదు. ఎవరివో చేతులు చూసినట్టు తన చేతుల్ని చూసుకుంది. నన్ను అటక మీద పడెయ్యమన్నారు. నూకరత్నం పడెయ్యలేదు, తన పుస్తకాల పక్కన పెట్టుకుంది.

ఆమె ఊరి బళ్ళో పదో తరగతి దాకా తెలుగులో చదివి, పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ కోర్సులో చేరింది. క్లాసులో నోరు విప్పదు. అర్థం కానివన్నీ ఇంటికి మోసుకొస్తుంది. అలా వచ్చిందే ఈ లెక్క. ఎ + బి × సి అని మనం గుర్తులు మధ్యలో పెట్టి రాస్తాం. అది ఇన్‌ఫిక్స్. మిషనుకు సులువు కావాలంటే గుర్తులు అక్షరాల వెనక రావాలి. అది పోస్ట్‌ఫిక్స్. మార్చేటప్పుడు గుర్తుల్ని కాసేపు ఆపి ఉంచడానికి స్టాక్ ఒకటి కావాలి. దానిలో పైనుంచి పెట్టాలి, పైనుంచే తియ్యాలి. అది చదివి నూకరత్నం నావైపు చూసింది.

చిన్నప్పటి ప్లాస్టిక్ గాజులకు గుర్తులు రాసిన కాగితాలు అతికించింది. అక్షరం వస్తే నేరుగా నోట్సులోకి పోతుంది. గుర్తు వస్తే నా మీదికి. నా పైన అప్పటికే ఉన్నది దానికంటే గట్టిదైనా, దానితో సమానమైనా, ముందు అది దిగి నోట్సులోకి పోవాలి. బలం తక్కువదైతే ఉన్నచోటే ఉండి కొత్తదాన్ని నెత్తిన మొయ్యాలి. కూడిక కంటే గుణకారం గట్టిది, అందుకే దాని మీద ఎక్కి కూర్చుంటుంది, ఈ ఇంటికి అప్పలస్వామి వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు.

గోవిందు పోయిన ఇరవయ్యో రోజున పరీక్ష జరిగింది. నూకరత్నానికి ఈ లెక్కలున్న ఒక్క పేపరే పోయింది. ఇవాళ సప్లిమెంటరీ. "ఈపాలి పోతే చదువు చాలు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పెట్టెస్తాను," అని నిన్న పెదనాన్న తేల్చేశాడు. చెడ్డవాడు కాదు. పరీక్షకు దింపడానికి ఏడు మైళ్ళు బండి మీద వచ్చింది ఆయనే.

బయల్దేరే ముందు నూకరత్నం ఆ లెక్క మరోసారి చేసి చూసుకుంటోంది. వరహాలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. మూడు నెలలుగా తనంతట తాను ఏదీ అడగని మనిషి, అడిగింది.

"ఏటే అది?"

"గుర్తులు చివరికి తేవాలమ్మా. ఎ, బి కలపాలంటే 'ఎ బి కలుపు' అన్నట్టు రాయాలి."

"మరింకెలగంటారు? బియ్యం పప్పు కలుపు అంటాం గానీ, బియ్యం కలుపు పప్పు అంటామేటి?"

లెక్చరర్ రెండు వారాలు చెప్పింది ఇదే. నవ్వొచ్చే మాటే. ఇద్దరూ నవ్వలేదు. నూకరత్నం గుణకారం గాజు దించి, ఎ బి సి × అని రాసి, పెన్ను మూసింది.

"అయిపోనాదా?"

"ఆఁ."

"ఇంకోటి ఉండిపోనాది కదే."

నా అడుగున కూడిక గాజు ఉంది.

"అది ఉండాలమ్మా. బోసిగా ఉంచకూడదని మామ్మ..."

అంటూనే ఆగిపోయింది. వేసవి పరీక్షలో ఆమె నన్నే తలచుకుంటూ రాసింది. ప్రతి లెక్కలోనూ ఆఖరి గుర్తు ఒకటి నా మీదే వదిలేసింది. చివర మిగిలినవన్నీ దించెయ్యాలని పుస్తకంలో ఉంది, ఆమె చదివింది కూడా. చెయ్యి మాత్రం మామ్మ మాటే విన్నది.

వరహాలమ్మ చేట పక్కన పెట్టి, చెయ్యి చాచి ఆ గాజు తీసింది.

"తీసినా ఏటీ అవదు," అంది. ఆ గొంతులో బాధ గానీ ధైర్యం గానీ లేవు.

నూకరత్నం పెన్ను తెరిచి, గుణకారం పక్కన కూడిక గుర్తు రాసింది. నేను బోసిగా నిలబడ్డాను. పదో రోజున నాకేమీ అనిపించలేదు. ఇప్పుడూ అనిపించలేదు.

అరుగు మీంచి మామ్మ కేకేసింది. "వరాలూ! గుంట బయల్దేరతంది. నువ్వు ఎదురు రాకు."

భర్త పోయిన మనిషి ఎదురొస్తే వెళ్ళిన పని చెడుతుందని ఆమె నమ్మకం.

"తెలుసులే అత్తా," అని వరహాలమ్మ లేచింది.

వాకిట్లో బండి స్టార్టయింది. నూకరత్నం హాల్ టికెట్ చూసుకుని గది గడప దాటి, వెనక్కి తిరిగింది.

"అమ్మా, గుమ్మం దాకా రా."

"టైమైపోతంది, ఎల్లు."

"నువ్వు ఎదురొస్తేనే వెళ్తాను."

ఇంత పెద్ద మాట ఆమె నోట ఈ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

"ఎల్లమ్మా."

"ఏటీ అవదని ఇప్పుడే అన్నావు కదమ్మా."

వరహాలమ్మ లోపలే ఉండి గది తలుపు మూసింది. కూడిక గాజు ఇంకా ఆ చేతిలోనే ఉంది.