రావలసిన పడవ

గుడివాడలో వందన చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ళమ్మకే సరిగ్గా తెలియదు. మూలపడ్డ పాత ప్రోగ్రాములను తవ్వి తీసి, వాటికి కావలసిన సరంజామా అంతా జతచేసి, ఏ కంప్యూటర్లో పెట్టినా నడిచేలా ఒక్కో పెట్టెలో సర్దాలి. ఆ పెట్టెనే కంటైనర్ ఇమేజ్ అంటారు. "అటక సర్దే పనన్నమాట" అంటుంది వాళ్ళమ్మ. అంతే అనుకోండి.

ఆ ఉదయం అటక మీంచి దిగింది మంగినపూడి పడవల ప్రోగ్రాము. వేటకెళ్ళిన పడవ తిరిగొస్తే ఇంటివాళ్ళ ఫోనుకి కబురు పంపేది. తొమ్మిదేళ్ళ కిందట మూలపడింది. దాన్ని ఈ ఆఫీసులోనే రాసిన శ్రీనివాసరావు గారూ పోయారు.

వందన పెట్టె కట్టి నడిపి చూస్తే అది ఎంతకీ ముగియదు. "ఇంకా ఒక పడవ రావాలి" అని ఒకటే పాట. నాలుగుసార్లు కట్టినా అదే మాట. విసుగొచ్చి కోడ్ తెరిస్తే, మధ్యలో శ్రీనివాసరావు గారు రాసుకున్న మాట కనబడింది: "చివరి పడవ వచ్చేదాకా ఒడ్డున ఆడవాళ్ళు ఇంటికి కదలరు. ఇదీ కదలకూడదు." పోయిన మనిషి కుర్చీ వెనక నిలబడి చెప్పినట్టయి, పట్టపగలే వందనకి భయం వేసింది.

"వందన గారూ, సాయంత్రానికి పంపేయాలండీ" అని పైఅధికారి హేమంత్ మళ్ళీ గుర్తుచేశాడు.

పాత వివరాలు తీసేసి, ఉత్తుత్తి పేర్లతో పరీక్షించడం పద్ధతి. తొందరపడ్డవాళ్ళకి పద్ధతులు గుర్తుంటాయా? ఆ పడవ పేరుకెదురుగా "చేరింది" అని టైపు చేసేసింది. ప్రోగ్రాము బుద్ధిగా ముగిసింది. పోతూపోతూ ఒక వరస చూపించింది: సత్యవతమ్మకు కబురు వెళ్ళింది.

కబుర్లు పంపే ఏర్పాటుని ఇన్నేళ్ళూ ఎవరూ ఆపనేలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వందన ఇంటర్నెట్ తీగ పీకేసింది. ఈలోగా కబురు కింద ఉండే ఆఫీసు నంబరు మోగనే మోగింది.

"అమ్మా, మా అబ్బాయి అయ్యప్ప పడవ ఒడ్డుకొచ్చిందంట గదా! పక్కింటి పిల్ల చదివి చెప్పింది. ఏ రేవుకమ్మా?"

నిజం చెప్పకుండా, "మంగినపూడి ఒడ్డుకి నేనే వస్తున్నానండీ" అంది వందన. అది పిరికితనమని ఆమెకీ తెలుసు.

బస్సులో బందరు, అక్కణ్ణుంచి ఆటో. దారంతా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. మంగినపూడి ఇసుకలో, ఎండలో, క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

"మీ అబ్బాయి రాలేదండీ. పొరపాటు నాదే" అని వందన ఏడ్చేసింది.

సత్యవతమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"రాడని తెలుసులేమ్మా. శవం గూడా దొరకలా. అయినా కాళ్ళాగలేదు" అంది. "ఇప్పుడా మిషన్లో ఏవని ఉంది?"

"చేరిందని."

"అది కొట్టెయ్. రాలేదనే రాయి. వచ్చేశాడని ఉంటే ఇంక వాడికోసం ఎవరు చూస్తారు? నేనెన్నాళ్ళుంటాను?"

వందన అక్కడే ల్యాప్‌టాప్ తెరిచింది. ముందు కబుర్లు వెళ్ళే దారి మూసేసింది. తర్వాత "చేరింది" చెరిపి, పెట్టె మళ్ళీ కట్టి నడిపింది. హేమంత్ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు.

"ఇంకా ఒక పడవ రావాలి" అని పైకి చదివింది.

సత్యవతమ్మ తలూపి, క్యారియర్ విప్పి ఆమె ముందు పెట్టింది.

"వాడికని వండాను. నువ్వు తిను."