కొంచెమే సిస్టర్

పాత దుప్పటి ముక్కను మడతలు వేసి సూది కిందికి తోసింది మిషనక్క. బట్టలు కుట్టి బతికే ఆమెను వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. తెల్లారగానే, గిరాకీల బట్టల జోలికి వెళ్లకముందే, కూతురి ముంజేతికి ఇలాంటి తొడుగొకటి తయారు కావాల్సిందే. సాయంత్రానికి ఆ పిల్ల దాన్ని నమిలి నమిలి పీలికలు చేస్తుంది.

కూతురు గువ్వకు పద్నాలుగేళ్లు. మాటలు రాలేదు. దాని జబ్బు పేరు పలకడానికి డాక్టర్లకే నోరు తిరగదు. ఇప్పుడు ఆసుపత్రిలో కొత్త మందొకటి వాడి చూస్తున్నారు. జబ్బు బాగా ముదిరిన పిల్లలనే తీసుకుంటారట. ఎంత ముదిరిందో రక్తపరీక్షలో తేలదు, తల్లే చెప్పాలి.

ఆ తల్లేమో కూతురి పరువు కాపాడే రకం. కిందటిసారి నర్సు ఫోన్ చేసి ఏమడిగినా ఒకటే జవాబు. కేకలా, కొంచెమే సిస్టర్. నిద్రలేమా, కొంచెమే. ఫోన్ పెట్టేశాక, పిల్లకు మంచి మార్కులు వేయించినట్టు మురిసిపోయింది కూడా. ఆ మార్కుల పుణ్యమా అని గువ్వకు చోటు దొరకలేదు. ఇంకొక్క అవకాశం ఉందని ఇవాళ నర్సే ఇంటికొచ్చింది.

మిషనక్క గుడ్డల కుప్ప పక్కకు జరిపి నర్సుకు కుర్చీ వేసింది. చేతులు కొరుక్కుంటుందా అని అడిగితే, లేదంది. నర్సు కిటికీ దగ్గర కూర్చున్న గువ్వను చాలాసేపు చూసింది. లేచి వెళ్లి, తడిసి ముద్దయిన తొడుగును వేళ్లతో పట్టుకుంది.

"మరి ఇదేంటక్కా?"

"అది గుడ్డ సిస్టర్. చెయ్యి కాదుగా."

ఆమె అబద్ధమాడలేదు. చేతికి పన్ను తగలకుండా చూడటం తన పని, ఆ పని సరిగ్గానే చేస్తోంది. నర్సు నవ్వలేదు, విసుక్కోలేదు. తొడుగు లేదనుకుని చెప్పమంది.

గువ్వకు మాటలు రావు గానీ వినపడుతుంది. కన్నబిడ్డ మీద దాని ఎదుటే చాడీలు చెప్పడానికి ఇన్నేళ్లూ మిషనక్కకు మనసొప్పలేదు. వెళ్లి కూతురి వెనక నిలబడి, రెండు చెవులూ అరచేతులతో మూసింది.

"తొడుగు లేకపోతే ఎముక తేలేదాకా కొరుక్కుంటుంది సిస్టర్. రాత్రుళ్లు దాని చెయ్యి నా చేతిలో పెట్టుకునే పడుకుంటా."

మిగతా ప్రశ్నలకూ అలా నిలబడే జవాబిచ్చింది. కొంచెం అనే మాట మళ్లీ రాలేదు.

వారం తిరగకుండానే ఆసుపత్రి బండి వచ్చింది. మందు ఒంటికి పట్టేదాకా పిల్లలు వార్డులోనే ఉండాలి, తల్లులు ఆదివారాలే చూడొచ్చు. వార్డులో వాడటానికని కుట్టిన తొడుగులన్నీ ఒక సంచిలో సర్ది నర్సుకిచ్చింది. గువ్వ వెనక్కి తిరిగి చూడలేదు. బండి ఎక్కడమంటే దానికి సరదా.

మర్నాడు తెల్లారి, చేతులు అలవాటు చొప్పున ఇంకో తొడుగు కుట్టేశాయి. దారం తెంపాక గానీ ఆమెకు గుర్తు రాలేదు. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసి, మిషను మీద తల ఆనించి ఏడ్చింది. తర్వాత గిరాకీల బట్టలు ముందేసుకుంది.

చీకటి పడి దీపం వేసేసరికి, తొడుగు బల్ల మీద అలాగే ఉంది, పొడిగా.